పెదాల మీది మాట

గణపవరం,
జూన్ 16.

ప్రియా,

ఆశీస్సులు ఆఖర్న రాస్తాను, ముందు వార్త విను. మన వీధి గుమ్మం పక్కన నీ పేరుతో బోర్డు పెట్టించాను. తెల్ల రేకు మీద నీలం అక్షరాలతో "కృష్ణప్రియ, మాటల డాక్టరు, ప్రతి ఆదివారం" అని పెయింటరు బంగార్రాజు రాశాడు. మొదట "డాక్టరూ" అని దీర్ఘం తగిలించాడు. చెరిపించి మళ్ళీ రాయించాను. జీవితమంతా హైస్కూల్లో తెలుగు చెప్పినదాని గుమ్మానికి తప్పు అక్షరం వేలాడితే ఇంకేమన్నా ఉందా!

మా అన్నయ్య కూతురు నాలుగేళ్ళు చదివి, చెవులకీ మాటలకీ సంబంధించిన పెద్ద కోర్సు పూర్తిచేసి, ఏలూరులో క్లినిక్‌లో చేరిందంటే నాకు కాళ్ళు నేల మీద నిలవటంలేదు. ఆ సంగతి ఊరికి తెలియొద్దూ? తెలిసింది కూడా. నిన్ననే మొదటి పేషెంటు వచ్చింది.

పెర్సిస్ అని నా దగ్గర ఆరో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు దానికే మూడేళ్ళ కూతురుంది, పేరు నిస్సీ. పెర్సిస్ మొగుడు జేమ్స్ కొల్లేరు వైపు రొయ్యల చెరువుల మీద కాపలా. కాపురం కూడా అక్కడే, చెరువు గట్టు మీద. నిస్సీ బంగారు బొమ్మలా ఉంది. పిలిస్తే మాత్రం పలకదు. ఒక్క మాట రాలేదు. నీళ్ళు కావాలంటే చెంబు తెచ్చి చేతిలో పెడుతుంది. "చెరువు మీద నీళ్ళు చిలికే ఏరేటర్ల మోత పగలూ రాత్రీ ఉంటదండి, దానికి అలవాటు పడిపోయి పిలిచినా పట్టించుకోదండి" అంది పెర్సిస్. కొందరు పిల్లలకి మాటలు ఆలస్యం, వస్తాయిలే అని ధైర్యం చెప్పాను. వచ్చే ఏడాది బడిలో వెయ్యాలి, ఈలోపు మాటలు రాకపోతే ఎలా టీచరుగారూ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కాబట్టి ఈ ఆదివారం నీ పరీక్ష మిషను సంచిలో పెట్టుకుని బస్సెక్కు. ఫోన్ చెయ్యమని మాత్రం అడక్కు. ఈమధ్య వచ్చే ఫోన్లన్నీ నాసిరకం, అవతలివాళ్ళు బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. ఫోన్లనే అనడం ఎందుకు, మీ మావయ్య కూడా పెద్దవాడయ్యాక నోట్లో నోట్లో గొణగడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళలో ఆయన చదివే మంత్రాలు దేవుడికైనా వినపడుతున్నాయో లేదో.

ఇవిగో ఆశీస్సులు.
అత్తయ్య మంగతాయారు


ఏలూరు,
జూన్ 22.

అత్తయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి హాస్టల్లో మంచం మీంచి లేచి నిలబడ్డాను. ముందు సంతోషంతో, తరవాత భయంతో. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఆ బోర్డు తీయించెయ్యండి.

నేను డాక్టర్ని కాదు అత్తయ్యా. చెవి పరీక్ష చేసేదాన్ని, మాట నేర్పేదాన్ని. డాక్టరు అనే మాట నా పేరు పక్కన ఉంటే అది అబద్ధమవుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. నా చదువు అయింది కానీ నా రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. మాకు ఢిల్లీలో కౌన్సిల్ ఉంటుంది. వాళ్ళ రిజిస్టర్‌లో నా పేరు ఎక్కి, నంబరు వస్తేనే నేను సొంతంగా ఎవరినైనా పరీక్షించాలి, సంతకం పెట్టాలి. వచ్చాక కూడా ఊరుకోరు. కొన్నేళ్ళకోసారి కొత్త శిక్షణ తరగతులకి హాజరైతేనే పొడిగిస్తారు. అప్పటిదాకా మా దుర్గాభవాని మేడమ్ పక్కన కూర్చుని పనిచేస్తాను. సంతకం ఆవిడది, బాధ్యతా ఆవిడదే. ఆవిడ నంబరు క్లినిక్ గోడకి ఫ్రేమ్ కట్టి ఉంది. నేను రోజూ దాని వంక అసూయగా చూస్తూ లోపలికి వెళ్తాను.

చదువు వచ్చాక మళ్ళీ ఈ నంబరేమిటి అని మీరంటారని తెలుసు. మీరు బి.ఎడ్. లేకుండా బడిలో చేరారా? మంత్రం వచ్చిన ప్రతివాడినీ మావయ్యగారు పెళ్ళి పీటల దగ్గర కూర్చోనిస్తారా? నా దరఖాస్తు వెళ్ళింది. నంబరు రాకముందే బోర్డు కట్టుకున్నానని ఎవరైనా ఫొటో తీసి పంపితే నా చదువంతా బూడిదలో పోసిన పన్నీరే.

నిస్సీని తప్పకుండా చూడాలి. నేను రావడం కాదు, వాళ్ళనే ఇక్కడికి పంపండి, మేడమ్ చూస్తారు. మాట రాలేదంటే ముందు చూడాల్సింది నోరు కాదు, చెవి. ఏరేటర్ మోత వల్ల పిల్లలు పలకడం మానరు. పెర్సిస్‌గారికి అది గట్టిగా చెప్పండి.

బోర్డు తీయించాక నాకో ముక్క రాయండి, అంతవరకు నాకు అన్నం సయించదు.

మీ
ప్రియ


గణపవరం,
జూలై 3.

ప్రియా,

అన్నం తిను. బోర్డు తీయించాను. ఇప్పుడది పెరట్లో కరివేపాకు మొక్కకి ఎండ తగలకుండా అడ్డం పెట్టి ఉంది. బి.ఎడ్. మాట ఎత్తి నా నోరు నొక్కేశావు, లేకపోతే నీకు నాలుగు పేజీలు చీవాట్లు సిద్ధం చేసుకున్నాను. మీ మావయ్య పీటల మాట చదివి పగలబడి నవ్వారు. పోనీలే, ఆయన నవ్వు మాత్రం నాకు బాగానే వినిపిస్తుంది.

అయినా నాకు కోపంగానే ఉంది. మాట నేర్పడానికి నంబరేమిటే? అమ్మలందరూ నంబరు తీసుకునే నేర్పుతున్నారా? ఎన్ని వందలమంది పిల్లల చేత పద్యాలు చెప్పించాను నేను! "ళ" పలకనివాడి చేత "ళ" పలికించాను, నత్తి పిల్లాడి చేత ఆగస్టు పదిహేనుకి ఉపన్యాసం ఇప్పించాను.

నువ్వు చెప్పినట్టే చెవులు చూశాను. నిస్సీని మడత మంచం మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్ళి మంచం కోడు మీద గరిటెతో ఒక్కటి వేశాను. ఠక్కున తిరిగి చూసింది. చర్చిలో డప్పు కొడితే చక్కగా ఊగుతుందని కూడా పెర్సిస్ చెప్పింది. చెవులు భేషుగ్గా ఉన్నాయి. పిల్ల మొండి, అంతే.

వాళ్ళు ఇప్పుడు ఏలూరు రాలేరు. చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి దగ్గర పడింది, జేమ్స్ గట్టు వదిలి కదిలితే యజమాని ఊరుకోడు. అందుకని రోజు విడిచి రోజు పెర్సిస్ పిల్లని నా దగ్గరికి తెస్తోంది. నేనే పాఠం మొదలుపెట్టాను. భయపడకు, బోర్డు లేదు, డాక్టరు లేదు, ఉత్త టీచర్ని. ఎదురుగా కూర్చుని "నా మొహం చూడు, నా పెదాలు చూడు" అంటాను. ఆ కళ్ళు చూడాలి నువ్వు! రెప్ప వెయ్యకుండా చూస్తుంది. అంత శ్రద్ధగల శిష్యురాలు నాకు సర్వీసు మొత్తం మీద దొరకలేదు.

ఆశీస్సులు. చింతకాయ పచ్చడి పంపుతున్నాను, హాస్టల్ వాళ్ళందరికీ పంచెయ్యకు.
అత్తయ్య


ఏలూరు,
జూలై 11.

అత్తయ్యా,

పచ్చడి చేరిన రోజునే సగం అయిపోయింది. పంచలేదు, దోచుకున్నారు.

బోర్డు తీసేసినందుకు వెయ్యి దణ్ణాలు. ఒక చిక్కు వచ్చింది. నా ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద ఒక ముద్ర లేదని దరఖాస్తు వెనక్కి వచ్చింది. కాలేజీకి మళ్ళీ వెళ్ళి వేయించి పంపాను. ఇంకెన్నాళ్ళు పడుతుందో. నాతో చదివినవాళ్ళకి ఒక్కొక్కరికీ నంబర్లు వచ్చేస్తున్నాయి, గ్రూపులో మిఠాయిల బొమ్మలు పెడుతున్నారు. నేనూ చప్పట్ల బొమ్మ పెట్టి దుప్పటి ముసుగేసుకుంటున్నాను.

హడావిడిలో రాస్తున్నాను కానీ ఒక మాట మనసులో పెట్టుకోండి. మంచం కోడు మీద కొడితే చెవికి ఏమీ వినపడకపోయినా అదురు ఒంటికి తెలుస్తుంది. డప్పు కూడా అంతే. అది పరీక్ష కాదు అత్తయ్యా. పట్టుబడి అయిన మర్నాడే వాళ్ళని పంపండి. పెర్సిస్‌గారు ఒక్కరు పిల్లని ఎత్తుకుని గూడెం స్టేషన్లో రైలెక్కినా చాలు, ఏలూరు స్టేషన్‌కి నేను వస్తాను.

మీరు ఈమధ్య ఎలా ఉన్నారు? టీవీ పక్కింటివాళ్ళకి కూడా వినపడేలా పెడుతున్నారని మావయ్యగారు ఏదో అనబోయి ఆగిపోయారు మొన్న ఫోన్లో.

మీ
ప్రియ


గణపవరం,
ఆగస్టు 9.

నా బంగారు తల్లికి,

నిలబడి చదువుతున్నావా? కూర్చో. నిస్సీకి మాటలు వచ్చాయి!

మొన్న శనివారం. నేను "అమ్మ" అన్నాను. అది నా పెదాల వంక చూసి, చక్కగా, ముద్దుగా "అమ్మ" అంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. మళ్ళీ అనమన్నాను, మళ్ళీ అంది. ఇప్పుడు "అమ్మ", "మామ", "పాప", "బొమ్మ", "బువ్వ", "పువ్వు" అన్నీ అంటోంది. పువ్వు చూపించి అడిగితే "పువ్వు" అంటుంది, బొమ్మ చూపిస్తే "బొమ్మ" అంటుంది. పెర్సిస్ పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఎంత సంతోషమో పాపం, ఒక్క మాటా మాట్లాడలేకపోయింది.

మీ కౌన్సిల్ వాళ్ళకి రాయాలనుంది. అయ్యా, నంబరు లేని మంగతాయారు నెల రోజుల్లో ఇంత చేసింది, మీరు ఆ ముద్ర దగ్గరే కూర్చున్నారు అని.

నీ మనసు కష్టపెట్టాలని కాదు. ఇంక వాళ్ళు అంత దూరం రావడం ఎందుకు అనుకుంటున్నాం. పట్టుబడి అయింది కానీ మళ్ళీ చెరువుకి నీళ్ళు పెట్టే పని ఉంది. "క" గుణింతం వరకూ నేనే తెస్తాను, ఆ తరవాత నీకు అప్పజెబుతాను. "అక్క", "కాకి" ఇంకా రావటంలేదు, నోరు తెరిచి ఊరుకుంటుంది. వస్తాయిలే.

ఈ సంతోషంలో మావయ్య కూడా ఏదో రాస్తానంటున్నారు, కిందున్న జాగా ఆయనకి వదిలేశాను. నేను వంటింట్లోకి వెళ్తున్నా, ఆయన ఏం రాస్తారో చూడను.

అత్తయ్య

చిరంజీవి ప్రియకు. నీతో ఒక సందేహం అడగాలి, మీ అత్తయ్యకి చెప్పొద్దు. ఆ పసిపిల్ల మాట్లాడుతోందని ఈవిడ పొంగిపోతోంది. నేను పక్కనే కుర్చీలో కూర్చున్నాను. పిల్ల పెదాలు కదలడం చూశాను కానీ నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఈవిడకి వినపడింది, నాకు వినపడలేదు! ఇంట్లో నాకే చెవుడు వచ్చిందేమోనని భయంగా ఉంది. మంత్రం చెప్పేవాడికి చెవి పోతే ఎలా అమ్మా? ఒకసారి మీ క్లినిక్‌కి వచ్చి చూపించుకుంటాను. మావయ్య.


ఏలూరు,
ఆగస్టు 13.

అత్తయ్యా,

ఈ ఉత్తరం మీ చేతికి వచ్చేసరికి మావయ్యగారితో నేను ఫోన్లో మాట్లాడేసి ఉంటాను. అయినా మీతో నేనే చెప్పాలి. ఫోన్లో చెబితే మీకు వినపడదు. రాస్తున్నాను, కోప్పడకుండా ఆఖరిదాకా చదవండి.

మీరు రాసిన మాటలు చదవగానే ఎగిరి గంతేశాను. పిల్లలందరూ మొదట అనేవి ఆ మాటలే. తరవాత మావయ్యగారు రాసింది చదివాను. మళ్ళీ వెనక్కి వెళ్ళి మీ మాటలు చూశాను. అమ్మ, మామ, పాప, బొమ్మ, బువ్వ, పువ్వు. అన్నీ పెదాలతో అనేవే అత్తయ్యా. అద్దం ముందు నిలబడి శబ్దం లేకుండా అని చూడండి, అన్నీ కనపడతాయి. "అక్క" అని చూడండి. లోపల గొంతు దగ్గర పలుకుతుంది, బయటికి ఏమీ కనపడదు. అందుకే ఆ మాట దగ్గర నిస్సీ నోరు తెరిచి ఊరుకుంటోంది.

నిస్సీ మాట్లాడటం లేదు. మీ పెదాలు ఎలా కదిలాయో అలా కదుపుతోంది. మాట అంటే అదేనని అనుకుంటోంది, ఎందుకంటే దానికి మన మాటలు వినపడటంలేదు. మావయ్యగారి చెవులు బాగానే ఉన్నాయి. అక్కడ వినడానికి శబ్దమే లేదు.

మరి మీకెందుకు వినపడింది? ఇది మన ఇంట్లో ఎవరూ మీతో అనలేదు. ఫోన్ల మీద తోశారు, ఫ్యాను మీద తోశారు, మావయ్యగారు గొణుగుతారన్నారు. నాన్న మీ దగ్గరికొస్తే కాస్త గట్టిగా మాట్లాడతారు, ఎందుకని మీరు అడగరు, ఆయన చెప్పరు. మీకు వినపడటం తగ్గిపోయింది అత్తయ్యా. చాలాకాలంగా మీరు ఎదుటివాళ్ళ పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నారు. నిస్సీ పెదాలు కూడా అలాగే చదివారు. పెదాలు "అమ్మ" అన్నాయి, మీ మనసు దానికి గొంతు పెట్టేసింది. ఇది రాస్తూ ఏడ్చాను. మీ మీద జాలితో కాదు. ఈ కోర్సు చదివింది నేను. ఇంట్లోనే ఉన్న చెవి సంగతి ఇన్నాళ్ళూ మర్యాదకి దాచిపెట్టాను.

నంబరు ఎందుకే అని అడిగారు కదా. మాట రాని ప్రతి పిల్లకీ మొదట చెవి పరీక్ష చెయ్యాలి, అది తేలకుండా ఒక్క పాఠం కూడా మొదలుపెట్టకూడదు. మాకు మొదటి ఏడాది చెప్పే సంగతి. ఎవరైనా "చెవులు బాగున్నాయి" అన్నారంటే, ఆ మాట తప్పయితే పట్టుకుని అడగడానికి ఒక పేరూ నంబరూ ఉండాలి. ఆ రోజు మీరన్నట్టు నేను మిషను సంచిలో వేసుకుని వచ్చి, మన హాల్లో ఫ్యాను మోతలో చూసి, బాగానే ఉంది అనేసి వెళ్ళిపోయి ఉంటే? 

నిస్సీకి మూడేళ్ళే. ఇప్పుడు తెలిస్తే చాలా చెయ్యొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ మాట నేర్చుకునే వయసు దాటిపోతుంది. సోమవారం పొద్దున మేడమ్ మొదటి సమయం మనకే ఇచ్చారు. ఎలాగైనా పంపండి.

నన్ను క్షమించండి.
మీ ప్రియ


గణపవరం,
ఆగస్టు 16.

ప్రియా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తరవాత పెర్సిస్‌ని పిలిపించాను. నా ఎదురుగా కూర్చోబెట్టుకుని, పిల్ల "అమ్మ" అన్నప్పుడు నీకు వినపడిందా అని అడిగాను. తల దించుకుంది. తల దించుకుంటే నాకు తెలియదమ్మా, మొహం ఎత్తి చెప్పు అన్నాను. ఆ మాట నా నోటంట వచ్చాక నాకే తెలిసింది, నువ్వు రాసింది నిజమని.

"వినపడలేదండి. మీరంత సంతోషపడుతుంటే ఎలా చెప్పనండీ, టీచరుగారూ. మీకు వినపడిందేమో, నాకే తెలియటంలేదేమో అనుకున్నానండి" అంది. ఆ రోజు అది కళ్ళు తుడుచుకున్నది సంతోషంతో కాదు. నేను పాఠం చెప్పిన పిల్ల, నా మాటకి అడ్డు చెప్పకూడదని తన బిడ్డ సంగతి దిగమింగుకుంది. మీ మావయ్యా అంతే. మన జిల్లా మర్యాద మండిపోను, ఇంతమందిమి చేరి ఒక పసిదాని రెండు నెలలు తినేశాం.

సోమవారం జేమ్సూ పెర్సిస్ పిల్లని తీసుకుని వస్తున్నారు. యజమానితో మీ మావయ్యే వెళ్ళి మాట్లాడారు. నేను రాను. నా మొహం కనపడితే అది మళ్ళీ పెదాలు ఆడిస్తుంది. నువ్వు దగ్గరుండు. దానికి కొబ్బరి ఉండలంటే ఇష్టం, డబ్బాలో పెట్టి ఇచ్చాను.

నా చెవుల సంగతి ఇప్పుడు వద్దు. అది నా గొడవ. ముందు దాని సంగతి చూడు.

అత్తయ్య


ఏలూరు,
సెప్టెంబర్ 6.

అత్తయ్యా,

గట్టిగా ఊపిరి పీల్చుకుని చదవండి, అన్నీ మంచి కబుర్లే.

మొదటి రోజు పరీక్ష సంగతి మావయ్యగారి ద్వారా మీకు తెలిసింది. నిస్సీని నిద్రపుచ్చి, తలకి చిన్న తీగలు అంటించి, చెవిలో శబ్దం వేసి, మెదడుకి ఎంతవరకు చేరుతోందో మేడమ్ చూశారు. ఆ గంటసేపూ జేమ్స్‌గారు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నారు. పెర్సిస్‌గారు మాత్రం పిల్ల కాలి బొటనవేలు పట్టుకుని నిలబడే ఉన్నారు. మేడమ్ బయటికొచ్చి నాతో ముందు అన్న మాట, "ప్రియా, మిగిలి ఉంది" అని. వినికిడి బాగా తక్కువ. మామూలు మాట చేరదు. కానీ మొత్తంగా పోలేదు. ఆపరేషన్ అక్కర్లేదు, రెండు చెవులకీ మంచి మిషన్లు పెట్టి, శిక్షణ ఇస్తే మాట వస్తుంది అన్నారు. నేను లోపలికెళ్ళి ట్యాప్ తిప్పి, ఎవరికీ వినపడకుండా ఏడ్చేశాను.

మిషన్లకి ప్రభుత్వ పథకంలో దరఖాస్తు పెట్టించాం. అవి వచ్చేదాకా క్లినిక్‌లో ఉన్న జత ఇచ్చాం. నిన్న పెట్టాం. ఆ కాసేపూ మీరు ఇక్కడ ఉండాల్సింది అత్తయ్యా. పెట్టగానే ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. కొయ్యబారిపోయింది. పైకి చూసింది, ఫ్యాను తిరుగుతోంది. ఫ్యానుకి ఒక చప్పుడు ఉంటుందని దానికి అప్పుడే తెలిసింది. తన కాలు నేలకేసి కొట్టింది, ఆగింది, మళ్ళీ కొట్టింది. తరవాత పెర్సిస్‌గారు వెనకనుంచి మెల్లిగా "నిస్సీ" అన్నారు. తిరిగింది. ఎవరూ మంచం కొట్టలేదు, నేల అదరలేదు, ఉత్త గొంతుకే తిరిగింది. పెర్సిస్‌గారు మళ్ళీ పిలవడం మర్చిపోయి పిల్లనే చూస్తున్నారు. మేం సైగ చేస్తున్నాం, పిలవండి పిలవండి అని. జేమ్స్‌గారు పిలిచారు, అటు తిరిగింది. నేను పిలిచాను, ఇటు తిరిగింది. ఆ గదిలో అందరం పేరు పిలుస్తూనే ఉన్నాం.

మీరు రెండు నెలలు తినేశామన్నారు. అంత మాట వద్దు. మొహం చూడటం, ఎదురుగా కూర్చోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం నిస్సీకి బాగా వచ్చు. అవి నేర్పడానికి మాకు వారాలు పడతాయి. ఎవరు నేర్పారని మేడమ్ అడిగితే మా అత్తయ్య అన్నాను. తప్పు జరిగింది, మంచీ జరిగింది, రెండూ నిజమే.

ఇంకో కబురు. ఇది రాయడానికి నిన్నటినుంచి కాగితం దగ్గర పెట్టుకున్నాను. నా పేరు రిజిస్టర్‌లో ఎక్కింది. నంబరు వచ్చింది! పరీక్ష రిపోర్టు మీద మేడమ్ సంతకం ఉంది. కింద శిక్షణ ఇచ్చేవారు అన్న చోట నా పేరూ నంబరూ రాసి సంతకం పెట్టాను. కుడివైపు కాస్త వంకర పోయింది. మీరు చూస్తే చెరిపించి మళ్ళీ రాయించేవారు.

వారానికి రెండు రోజులు వాళ్ళు ఇక్కడికి వస్తారు. కొంత పాఠం ఇంట్లోనే జరగాలి. అది పెర్సిస్‌గారు చేస్తారు. ఆవిడకి ఇప్పుడు ఎవరి మర్యాదా అడ్డం రావటంలేదు. "అలా కాదండి, మా పిల్లకి ఇలా అయితే వినపడతదండి" అని నన్నే సరిదిద్దుతున్నారు.

మీ
ప్రియ


గణపవరం,
డిసెంబర్ 1.

ప్రియా,

నంబరు వచ్చినందుకు నీకు చీర కొని బీరువాలో పెట్టి రెండు నెలలైంది. ఉత్తరం మాత్రం రాయలేదు. నీకు ఏం రాయాలో తెలియలేదు. ఇవాళ తెలిసింది.

నిన్న ఆదివారం చర్చి అయ్యాక పెర్సిస్ పిల్లని తీసుకుని మన ఇంటికి వచ్చింది. ఇన్నాళ్ళూ నేనే రావద్దన్నాను, నా పాత పాఠం దానికి గుర్తురాకూడదని. ఇప్పుడు పరవాలేదని నువ్వు చెప్పావట, వచ్చారు. నేను పెరట్లో నూతి గట్టు దగ్గర అంట్లు కడుగుతున్నాను, వాళ్ళు వచ్చిన సంగతి తెలియదు. నా వీపు ఇంటి వైపు తిరిగి ఉంది.

తరవాత మీ మావయ్య చెప్పిన సంగతి ఇది. నిస్సీ పెరటి గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. చూసి పిలిచిందట. "టీ... తా" అని. టీచర్ అన్నమాట. దానికదే, ఎవరూ చెప్పకుండా. మీ మావయ్య జపమాల వదిలేసి లేచొచ్చారు. పెర్సిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల మళ్ళీ పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. నేను గిన్నె తోముతూనే ఉన్నాను.

అలా పిలిచి పిలిచి, నేను తిరక్కపోయేసరికి, టీచరుకి తన మీద కోపం వచ్చిందనుకుంది. గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నేను చెంబు కోసం తిరిగి చూస్తే పిల్ల ఏడుస్తోంది, మీ మావయ్య ఏడుస్తున్నారు, పెర్సిస్ ఏడుస్తోంది. ఎవరికేమైందో అని కంగారుపడి, తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చాను. పిల్లని ఎత్తుకుంటే నా భుజం మీద మొహం దాచేసుకుంది. దాని పెదాలు నాకు కనపడలేదు. ఏదో అంటోంది, నా ఒంటికి దాని ఊపిరి తగులుతోంది, అంతే. ఏమంటోందో మీ మావయ్య చెప్పాల్సొచ్చింది.

దానికి గొంతు వచ్చిందే ప్రియా. వీధివాళ్ళు విన్నారు, పక్కింటి వీరరాఘవమ్మగారు గోడ మీంచి విన్నారు, కావలసినంత మంది విన్నారు. పిలిచింది మాత్రం నన్ను.

ఇన్నాళ్ళూ నాకు వినపడకపోతే నష్టం నాదేగా, ఎవరికేం అనుకున్నాను. చెవికి మిషను తగిలించుకుని వీధిలో తిరగడం నాకు నామోషీ. నాకు పాఠం చెప్పడం వచ్చు, నేర్చుకోవడం ఎప్పుడో మానేశాను. నిన్న ఆ పిల్ల చెవుల మీద రెండు మిషన్లు, నల్లటివి, చక్కగా పిలకల పక్కన పెట్టుకుని ఉంటే ఎంత అందంగా ఉందో.

మంగళవారం మొదటి బస్సుకి వస్తున్నాను. మేడమ్‌ని ఇబ్బంది పెట్టకు, నా పరీక్ష నువ్వే చెయ్యి. నీ పేరూ నంబరూ వేసి, సంతకం వంకర పోకుండా పెట్టు. మిషనంటే మిషను, రెండంటే రెండు, నేను పేచీ పెట్టను. పది రోజుల్లో అలవాటవుతుందో నెల పడుతుందో నాకు తెలియదు, తొందరగా మాత్రం కానియ్యి.

ఈసారి అది పిలిస్తే నేను "ఓయ్" అనాలి.

అత్తయ్య